మా హీరో గొప్పా, మీ హీరో గొప్పా?



పండుగపూట నిజామాబాద్ నుంచి బామ్మర్ది నాందేడ్ వస్తాడు. భోజనాలయి ఆకువక్క నోట్లో పడగానే మాట సినిమాల మీదికి పోతుంది. మా హీరో గొప్పంటే మా హీరో గొప్పని గొంతులు లేస్తాయి. కొన్ని ఇళ్లలో అది నవ్వులతో ముగుస్తుంది. కొన్ని ఇళ్లలో బావాబామ్మర్దులు తరువాతి పండుగ దాకా మాట్లాడుకోరు. ఇటువంటి ఇళ్లు మీకూ తెలిసే ఉంటాయి.

ఇదంతా పనిలేనివాళ్ల గోల అని కొట్టిపారేసే పెద్దలున్నారు. నేనలా అనుకోను. అయితే వాదించే ఇద్దరూ ఒకే వస్తువు గురించి వాదిస్తున్నారా అన్నది ముందు చూడాలి. మన సరిహద్దు జిల్లాల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. ఒకే కథను ఒకరు తెలుగులో, మరొకరు హిందీలో చూసి ఉంటారు.

1964లో డి. రామానాయుడు 'రాముడు భీముడు' తీశారు. దర్శకుడు తాపీ చాణక్య. ఎన్.టి. రామారావు కవలలుగా రెండు వేషాలు వేశారు. మరుసటి ఏడు అదే కథ తమిళంలో ఎం.జి. రామచంద్రన్‌తో, 1967లో హిందీలో 'రామ్ ఔర్ శ్యామ్' పేరుతో దిలీప్ కుమార్‌తో వచ్చింది. మూడింటికీ దర్శకుడు చాణక్యే. కథ ఒకటే, దర్శకుడు ఒకరే. నటుల్ని పక్కపక్కన నిలబెట్టి చూడడానికి ఇంతకన్నా ఏం కావాలి? అయినా తీర్పు కుదరదు. ఎందుకంటే, రామారావును కృష్ణుడిగా, వీరుడిగా చూసిన కళ్లకు ఆయన కొరడా చూసి వణికే రాముడు కావడం వింత. దిలీప్ కుమార్‌తో కలిసి 1955 నాటి 'దేవదాస్'లో ఏడ్చినవాళ్లకు ఆయన అల్లరి శ్యామ్ కావడం వింత. ఒకరు పిరికివాడి వేషాన్ని మెచ్చుకుంటారు, మరొకరు ధైర్యవంతుడి వేషాన్ని. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కాని ఒకరి మాట ఒకరికి అందదు.

ఇప్పటి పిల్లల దగ్గరికి వద్దాం. 2021లో వచ్చిన 'పుష్ప' సంగతి చూడండి. తెలుగులో చూసినవాడు అల్లు అర్జున్ సొంత గొంతును, చిత్తూరు యాసను విన్నాడు. హిందీలో చూసినవాడు విన్నది శ్రేయస్ తల్పడే గొంతు. ఆయన మన మరాఠీ నటుడే. భుజం ఎత్తి నడిచే నడక రెండింట్లోనూ ఒకటే, మాట వేరు. పైగా మన ధర్మాబాద్ పిల్లవాడికి చిత్తూరు యాసలో ఎన్నో మాటలు కొత్త. వాడికి హిందీలోనే బాగుందనిపిస్తే అందులో తప్పేముంది? ఆ పాత్రకు 2023లో జాతీయ ఉత్తమ నటుడి అవార్డు ప్రకటించారు. ఆ అవార్డు ఒక తెలుగు నటుడికి రావడం అదే మొదటిసారి. తగాదా మాత్రం తీరలేదు. అవార్డులతో తీరేదైతే ఎప్పుడో తీరేది.

సినిమా తీసేవాళ్లకు అభిమానుల సంగతి బాగా తెలుసు. 1962 నాటి 'గుండమ్మ కథ' రామారావుకు నూరో సినిమా, అక్కినేని నాగేశ్వరరావుకు తొంభై తొమ్మిదోది. ఎవరి పేరు ముందు వెయ్యాలి? విజయా వారు పేర్లు వెయ్యకుండా నటీనటుల బొమ్మలు చూపించి ఊరుకున్నారు. సినిమాకు పెట్టిన పేరేమో సూర్యకాంతం గారి పాత్రది! ఆ సంగతి హీరోల అభిమానులు ఎందుకో తలచుకోరు. 2022లో 'ఆర్ఆర్ఆర్' వచ్చినప్పుడూ ఎవరి పాత్ర పెద్దదన్న లెక్కలే సాగాయి.

టీచరుగా నాకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. నాందేడ్, బిలోలి, దెగ్లూర్ వైపు తెలుగిళ్ల పిల్లలు చాలామంది మరాఠీలో చదువుకుంటారు, బజారులో హిందీ మాట్లాడతారు. ఇంట్లో తెలుగు 'తిన్నావా, పడుకున్నావా' దగ్గరే ఆగిపోతుంది. అటువంటి పిల్లవాడు కారణం చెప్పి, ఎదుటివాడి మాట ఖండించి, పది నిమిషాలు ఆపకుండా తెలుగు మాట్లాడేది తన హీరో కోసం వాదించేటప్పుడే. ఆ సమయంలో 'నీది మరాఠీ తెలుగురా' అని చుట్టాలు నవ్వారనుకోండి, వాడు హిందీలోకి మారిపోతాడు. మళ్లీ వెనక్కి తేవడం ఎంత కష్టమో నేను బడిలో చూస్తూనే ఉన్నాను.

నవ్వే బదులు 'ఏ సీన్‌లో బాగా చేశాడు, చెప్పు' అని అడిగి చూడండి. అప్పటిదాకా అరిచినవాడు కాస్త ఆగి ఆలోచిస్తాడు. నడక గురించో, చూపు గురించో, ఏడుపు ఆపుకున్న తీరు గురించో చెప్పడం మొదలుపెడతాడు. మాట దొరకనిచోట ఒక మరాఠీ మాట వేస్తాడు. వెయ్యనివ్వండి. పక్కనున్నవాళ్లెవరో దానికి తెలుగు మాట అందిస్తారు.