ఘంటసాల, సుశీల, ద్వారం.. ముగ్గురికీ ఒకటే కాలేజీ! విజయనగరం వెనకున్న అసలు కథ ఏంటి?

2011 జనాభా లెక్కల ప్రకారం విజయనగరం జనాభా దాదాపు 2 లక్షల 28 వేలు. పెద్ద సిటీ ఏమీ కాదు. పక్కనే ఉన్న విశాఖతో పోలిస్తే చాలా చిన్న ఊరు. కానీ తెలుగు పాట, వయొలిన్, హరికథ, నాటకం.. ఏది తీసుకున్నా ఈ ఊరి పేరు రాకుండా ఉండదు. ఇక్కడి నీళ్లలోనే సంగీతం ఉందని సరదాగా అంటుంటారు. నిజానికి కారణం నీళ్లు కాదు. వందేళ్ల క్రితం ఈ ఊళ్లో జరిగిన కొన్ని ఏర్పాట్లు. అవేంటో ఓసారి చూద్దాం.

1919లో ఏం జరిగింది?

ఆ ఏడాది పూసపాటి విజయరామ గజపతిరాజు ఊళ్లో ఓ సంగీత పాఠశాల పెట్టించారు. పేరు విజయరామ గాన పాఠశాల. ఆస్థానంలో పనిచేసే ఒకాయన కొడుక్కి కళ్లు కనిపించవని, ఆ కుర్రాడికి సంగీతం నేర్పించాలన్న ఆలోచన నుంచే ఈ పాఠశాల పుట్టిందని చెబుతారు.

అప్పటిదాకా సంగీతం నేర్చుకోవాలంటే గురువు ఇంట్లో ఏళ్ల తరబడి ఉండాలి. సేవ చేయాలి. గురువు ఒప్పుకుంటేనే చదువు. ఇక్కడ మాత్రం క్లాసులు, టీచర్లు, పరీక్షలు ఉన్న ఓ స్కూలు వచ్చింది. ఎక్కడో ఊళ్లో పుట్టిన పిల్లాడు కూడా వచ్చి తలుపు తట్టొచ్చు. అసలు మార్పు ఇదే.

టీచర్లను ఎలా ఎంచుకున్నారు?

తొలి ప్రిన్సిపల్ ఆదిభట్ల నారాయణదాసు (1864–1945). బొబ్బిలి దగ్గరి అజ్జాడలో పుట్టారు. హరికథా పితామహుడిగా పేరు. ఆయన హరికథ అంటే పాట, ఆట, కథ అన్నీ ఒక్కరే చేసే ప్రదర్శన. ఉమర్ ఖయ్యామ్ రుబాయీలను పారశీకం నుంచి సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి తెచ్చిన పండితుడు కూడా ఆయనే.

ఇక ద్వారం వెంకటస్వామి నాయుడు సంగతి మరీ ఆసక్తికరం. ఆయన ఇక్కడికి వచ్చింది స్టూడెంట్‌గా చేరదామని. ఆయన వయొలిన్ విన్నాక సీటు ఇవ్వలేదు, ఏకంగా టీచర్ ఉద్యోగమే ఇచ్చారు! అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు దాటింది అంతే. చూపు సరిగా లేకపోయినా అది అడ్డు కాలేదు. 1936లో ఆయనే ప్రిన్సిపల్ అయ్యారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ అందుకున్నారు.

అంటే చేతిలో కాగితం ఉందా అని చూడలేదు. చేతిలో విద్య ఉందా అని చూశారు.

మరి తిండి సంగతి?

ఈ కథలో చాలామంది మర్చిపోయే పాయింట్ ఇదే. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీతం నేర్చుకోవాలని వేలి ఉంగరం అమ్ముకుని విజయనగరం వచ్చారు. తీరా వస్తే కాలేజీకి సెలవులు! అప్పుడు పట్రాయని సీతారామశాస్త్రి ఆయన్ను చేరదీసి పాఠం చెప్పారు. గురువు చదువు చెప్పగలరు.. మరి రోజూ అన్నం? ఘంటసాల జోలె పట్టుకుని ఇంటింటికీ వెళ్లి మధూకరం చేసుకున్నారు. తర్వాత కాలేజీలో చేరి చదువు పూర్తి చేశారు.

ఒక్కసారి ఆలోచించండి. ఆ వీధుల్లో జనం ముద్ద పెట్టకపోయి ఉంటే? ఆ కుర్రాడు తిరుగు రైలెక్కి ఉంటే? ఘంటసాల గొంతులో రాజుగారి స్కూలుకి ఎంత వాటా ఉందో, పేరు కూడా తెలియని ఆ ఇళ్ల ఇల్లాళ్లకూ అంత వాటా ఉంది.

విజయనగరంలోనే పుట్టిన పి.సుశీల కూడా ఈ కాలేజీలోనే సంగీతం నేర్చుకున్నారు. ఆరు భారతీయ భాషల్లో 17,695 పాటలు పాడినందుకు 2016లో గిన్నిస్ రికార్డు ఆమెకు దక్కింది. సంగీత కళానిధి నేదునూరి కృష్ణమూర్తి కూడా ఇక్కడి విద్యార్థే.

చూసే జనం కూడా ఉన్నారు

పాడేవాళ్లుంటే సరిపోదు, వినేవాళ్లు కావాలి. ఆ అలవాటు ఈ ఊరికి స్కూలు కంటే ముందే ఉంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ తొలిసారి స్టేజీ ఎక్కింది 1892లో, విజయనగరంలోనే. పుస్తకంగా వచ్చింది ఆ తర్వాత 1897లో. అంటే ఈ నాటకాన్ని జనం చదవడం కంటే ముందు చూశారు.

1950ల్లో జె.వి.రమణమూర్తి, జె.వి.సోమయాజులు అన్నదమ్ములు గంటల తరబడి సాగే ఆ నాటకాన్ని కుదించి మళ్లీ జనంలోకి తెచ్చారు. గిరీశంగా రమణమూర్తి, రామప్పపంతులుగా సోమయాజులు. ఆ సోమయాజులే 1980లో ‘శంకరాభరణం’ శంకరశాస్త్రి!

పాటకే కాదు, చెక్కకూ పేరు

ఇదే జిల్లాలోని బొబ్బిలి దగ్గర గొల్లపల్లి ఉంది. బొబ్బిలి వీణలు తయారయ్యేది అక్కడే. జీఐ గుర్తింపు కూడా ఉంది. స్పెషాలిటీ ఏంటంటే.. ముక్కలు అతికించకుండా ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. దానిపై 24 మెట్లు మైనంలో కూర్చుతారు. ఒక్క మెట్టు కాస్త జరిగినా స్వరం తప్పుతుంది. కాబట్టి ఈ పనికి ఉలి పట్టే చెయ్యి ఎంత ముఖ్యమో స్వరం పట్టే చెవీ అంతే ముఖ్యం.

ఇప్పుడు అక్కడ కచేరీ వీణలతో పాటు గిఫ్ట్‌గా ఇచ్చే చిన్న బొమ్మ వీణలు కూడా చేస్తున్నారు. అతిథులకు శాలువాతో పాటు ఇచ్చేది ఇవే. కళాకారుడి ఇల్లు గడవడానికి ఇవి ఉపయోగమే. కానీ బొమ్మ వీణ షోకేస్‌లో ఉంటుంది, మోగదు. మోగే వీణకు గిరాకీ ఉండాలంటే దాన్ని వాయించడం నేర్చుకునేవాళ్లు ఉండాలి. అంటే కథ మళ్లీ సంగీత కాలేజీ దగ్గరికే వచ్చింది.

ఇప్పుడు పరిస్థితి ఏంటి?

కాలేజీ ఇప్పటికీ ఉంది. ప్రస్తుతం అది ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల. గాత్రం, వయొలిన్, వీణ, మృదంగం, నాదస్వరం, నృత్యం లాంటివి నేర్పుతారు. సర్టిఫికెట్ కోర్సు 4 ఏళ్లు, ఆపై డిప్లొమా 2 ఏళ్లు.

యూట్యూబ్‌లో పాఠాలు ఫ్రీగా దొరుకుతుంటే కాలేజీ ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. వీడియో పాట నేర్పగలదు. కానీ నువ్వు పాడింది తప్పని ఆపి, సరిదిద్ది, మళ్లీ పాడించేది ఎదురుగా కూర్చున్న గురువే. ఘంటసాలకు పట్రాయని వారు చేసింది అదే.

అయితే ఆరేళ్లు నేర్చుకున్నాక ఏంటి? పిల్లల తల్లిదండ్రులు అడిగే అసలు ప్రశ్న ఇది. స్కూళ్లలో మ్యూజిక్ టీచర్ పోస్టులు, గుళ్లలో నాదస్వరం కొలువులు, ఊళ్లో కచేరీలు.. ఇవి ఉంటేనే పిల్లలు చేరతారు. లేకపోతే ఎంత టాలెంట్ ఉన్నా డిగ్రీ, కోచింగ్ వైపే వెళ్తారు. వాళ్లను తప్పుపట్టలేం.

విజయనగరం కథ చెప్పేది ఒక్కటే. గొప్ప గాయకులు ఊరికే పుట్టుకురాలేదు. చదువు చెప్పడానికి ఒకరు ముందుకొచ్చారు, అన్నం పెట్టడానికి ఇంకొకరు, టికెట్ కొని చూడటానికి మరొకరు. ఇందులో స్కూలు ఒక్కటీ మిగిలితే చాలదు. మిగతా రెండూ ఏ ఊరైనా, ఏ రాజుగారూ లేకుండానే చేయగల పనులు.