గొప్ప చెప్పుకోవడం వేరు, మాట ఇవ్వడం వేరు

సబ్బు కొన్నా, టానిక్కు కొన్నా, విత్తనాల సంచి కొన్నా పైన ఏదో ఒక గొప్ప అచ్చువేసి ఉంటుంది. ‘దీనికి సాటి లేదు’, ‘ఆరోగ్యానికి అండ’, ‘ప్రకృతికి నేస్తం’ - ఇలా ఎన్నో. ఆ మాట నమ్మి మోసపోయామని ఎవరైనా కేసు వేస్తే కంపెనీ తరఫున ఒక వకీలు లేచి నిలబడతాడు. అలాంటి కేసుల్లో తరచు వినిపించే వాదన ఒకటుంది: ‘అది అమ్ముకునేవాడు చెప్పుకునే గొప్ప మాత్రమే, హామీ కాదు. తన పెరుగు పుల్లనని ఎవరంటారు?’

ఈ వాదన ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ కూలుతుందో సరుకు కొనే ప్రతివారూ తెలుసుకోవడం మంచిది. ఇందుకు దారి చూపిన కేసు 130 ఏళ్ల కిందట లండన్‌లో నడిచింది. మన దేశంలో లా చదివేవారికి నేటికీ అది పాఠమే.

పొగ బంతి కేసు

1891లో ఇంగ్లండును ఇన్‌ఫ్లుయెంజా జ్వరం పీడిస్తోంది. కార్బాలిక్ స్మోక్ బాల్ కంపెనీ అనే సంస్థ ఒక రబ్బరు బంతిని అమ్మకానికి పెట్టింది. బంతిని నొక్కితే లోపలి కార్బాలిక్ మందు పొడి పొగలా లేచి ముక్కులోకి వెళుతుంది. రోజుకు మూడుసార్లు చొప్పున రెండు వారాలు సూచనల ప్రకారం వాడాక కూడా జ్వరం వస్తే 100 పౌన్లు ఇస్తామని ఆ ఏడాది నవంబరులో పత్రికల్లో ప్రకటించింది. తమ చిత్తశుద్ధికి నిదర్శనంగా 1,000 పౌన్లు బ్యాంకులో వేశామని కూడా రాసింది.

శ్రీమతి కార్లిల్ అనే ఆమె 10 షిల్లింగులకు బంతి కొన్నారు. అప్పట్లో పౌనుకు 20 షిల్లింగులు. అంటే కంపెనీ ఇస్తానన్నది బంతి ధరకు 200 రెట్లు! ఆమె నవంబరు 20 నుంచి రోజూ మూడుసార్లు వాడారు. 1892 జనవరి 17న జ్వరం రానే వచ్చింది. డబ్బు అడిగితే కంపెనీ ఇవ్వలేదు. ఆమె కోర్టుకెక్కారు.

వకీలు ఎత్తిన ప్రశ్నలు

కింది కోర్టులో కంపెనీ పక్షాన వాదించిన ప్రముఖుడు హెచ్.హెచ్. ఆస్క్విత్. ఆ కేసులో ఓడిన కొద్ది వారాలకే ఆయన హోం మంత్రి అయ్యారు. 1908 నుంచి 1916 దాకా బ్రిటన్ ప్రధాన మంత్రిగా ఉన్నారు. అప్పీలులో వేరే వకీళ్లు వాదించారు.

కంపెనీ పక్షం వారి ప్రశ్నలు తేలికైనవి కావు. ప్రకటన ఉత్త గొప్ప కాదా? లోకంలో అందరితోనూ ఒప్పందం ఎవరైనా చేసుకుంటారా? ఒప్పుకుంటున్నట్టు ఆమె కబురు చేసిందా? సరిగా వాడిందో లేదో కంపెనీ ఎలా తెలుసుకుంటుంది? ఇది పందెం లాంటిది కాదా?

1892 డిసెంబరు 7న అప్పీలు కోర్టు ముగ్గురు జడ్జీలూ ఏకమాటగా ఆమెకే తీర్పు చెప్పారు. బ్యాంకులో సొమ్ము వేశామని చెప్పినవాడు, తర్వాత అది ఉత్త మాటే అంటే కుదరదన్నారు. తప్పిపోయిన కుక్కను తెచ్చిస్తే బహుమానం అని ప్రకటిస్తే, ‘వెతకబోతున్నాను’ అని ముందుగా ఉత్తరం రాయనక్కరలేదు, కుక్కను తెచ్చిస్తే చాలునన్నారు.

తీర్పు సారం ఇదే. ‘మా సరుకు మేటి’ అంటే గొప్ప. ఇన్ని రోజులు, ఇన్నిసార్లు, ఇంత సొమ్ము అని లెక్క కట్టి చెబితే అది ఇచ్చిన మాట.

పచ్చ రంగు పూస్తే చాలదు

మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటన చేసిన కంపెనీకి కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ప్రకటన ఏ భాషలో ఉంటే షరతులూ అదే భాషలో ఉండాలని 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. తెలుగులో గొప్ప చెప్పి, షరతు ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో వేయడం చెల్లదు.

పర్యావరణం పేరు చెప్పి సరుకు అమ్మేవారికి 2024 అక్టోబరులో వేరే మార్గదర్శకాలు వచ్చాయి. ‘పర్యావరణానికి మేలు’, ‘సహజం’ వంటి మాటలకు రుజువు చూపాలి. ఆ మేలు సరుకుదా, సీసాదా, తయారు చేసే పద్ధతిదా అన్నది విడమరచి చెప్పాలి. అయితే ఎవరినీ తప్పుదారి పట్టించని బాహాటమైన అతిశయోక్తినీ, మామూలు రంగులనూ బొమ్మలనూ వీటి నుంచి మినహాయించారు. కంపెనీ వకీలుకు 1892 నాటి వాదన నేటికీ మిగిలే ఉందన్నమాట. అయితే అది చెల్లే చోటు చిన్నదైపోయింది. అందుకే నేడు వకీలుకు కోర్టులో కన్నా ముందే పని పడుతోంది. ప్రకటన అచ్చుకు పోకముందే ఏ మాటకు రుజువుందో, ఏ మాట కొట్టేయాలో కంపెనీకి చెప్పవలసింది ఆయనే.

మన రైతుల కేసు

అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ రైతులు జాతీయ విత్తన సంస్థ మీద వేసిన కేసుల్లోనూ ఇలాంటి గట్టి వాదనలే వచ్చాయి. రైతు వినియోగదారుడు కాడని, విత్తనాన్ని పరీక్షకు పంపలేదని సంస్థ పక్షం వాదించింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనలను తోసిపుచ్చింది. కొన్న విత్తనమంతా పొలంలో చల్లే రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచుతాడని అనుకోలేమని చెప్పింది.

కొనేవారు చేయవలసినవి

శ్రీమతి కార్లిల్ గెలిచింది అదృష్టం వల్ల కాదు. సూచనల ప్రకారమే వాడారు. ఎప్పటినుంచి ఎప్పటిదాకా వాడిందీ చెప్పగలిగారు. కనుక బిల్లు అడిగి తీసుకోవాలి. ఖాళీ ప్యాకెట్టు, ప్రకటన కాగితం పారేయకూడదు. వాడిన తేదీలు రాసిపెట్టుకోవాలి.

నష్టం జరిగితే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ ఎంత దూరాన ఉన్నా, మనం నివసించే జిల్లాలోనే కేసు వేసుకునే వీలుంది. సరుకుకు చెల్లించిన ధర 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. వకీలును పెట్టుకోవాలన్న నిర్బంధమూ లేదు. సలహా కోసం 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

కంపెనీకి వకీలు ఉండటం తప్పు కాదు, అది దాని హక్కు. అవతలి పక్షానికి కాగితాలు ఉండాలి. కాగితం లేని కేసులో ఎంత నిజమైనా నోటిమాటగానే మిగిలిపోతుంది.