నిలుకడ నేర్పు ఆసనములు

గోదావరిఖనిలో బొగ్గుగని దిగి పనిచేసినవారు ఎరిగిన సంగతి ఒకటి కలదు: క్యాప్‌ల్యాంపు వెలుగు పడని చోట కన్ను పనిచేయదు. అచ్చట ఎగుడుదిగుడు నేలపై మనిషి తూలిపడకుండుట ఎట్లు?

శరీరపు నిలుకడకు ఆధారములు మూడు: కన్నులు, తల కదలికను కనిపెట్టు లోపలిచెవి, అరికాళ్ళ, కీళ్ళ, కండరముల నుండి మెదడుకు వార్తలంపు నాడులు. మొదటిది తగ్గినపుడు తక్కిన రెండే ఆదుకొనవలెను.

ఒంటికాలిపై నిలుచు వృక్షాసనమున చీలమండ కండరములు క్షణక్షణము సర్దుకొనుచుండును. అభ్యాసము వలన ఈ సర్దుబాటు చురుకగును. తాడాసనమున మడమలెత్తినపుడు పిక్కల కండరములు సిరలను నొక్కి, రక్తమును గుండెవైపు పంపును.

65 ఏండ్లు దాటినవారు పడిపోకుండుటకై వారమునకు కనీసము 3 దినములు నిలుకడ, బలము పెంచు వ్యాయామములు చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. గని పనినుండి విశ్రాంతి పొందినవారికిని ఇది వర్తించును. తలతిరుగుడు గలవారు ముందుగా వైద్యుని అడుగవలెను. క్రొత్తవారు గోడ ప్రక్కన నిలువవలెను.