కొండసీమ గాయని డాలీ పార్టన్

పల్లె ప్రజల పాటలు ప్రతి దేశమునందును కలవు. పొలము దున్నువారు, పంట కోయువారు, బిడ్డలను నిద్రపుచ్చు తల్లులు తమ కష్టసుఖములను పాటలుగా పాడుకొందురు. అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణభాగమునందలి కొండసీమలలో ఇట్టి సంప్రదాయ మొకటి వర్ధిల్లెను. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు దేశములనుండి వలస వచ్చినవారు తమ వెంట కథాగేయములను, ఫిడేలును తెచ్చిరి. ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారి మూలమున బాంజో అను తంత్రీవాద్యము వచ్చెను. పిమ్మట గిటారు చేరెను. వీని కలయికవలన ఏర్పడిన సంగీతమునే 'కంట్రీ సంగీతము' అందురు. టెన్నెసీ రాష్ట్రమునకు రాజధానియైన నాష్‌విల్ నగరము దానికి కేంద్రము. 1925లో ఆ నగరమున ప్రారంభమైన 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' అను రేడియో కార్యక్రమము నేటికిని సాగుచున్నది. ఈ సంగీతమున కీర్తి గడించిన స్త్రీలలో డాలీ పార్టన్ అగ్రగణ్యురాలు.

డాలీ 1946 జనవరి 19వ తేదీన టెన్నెసీ రాష్ట్రమందలి సెవియర్ కౌంటీలో, స్మోకీ పర్వతముల చెంత, ఒకే గది గల కొయ్యయింట జన్మించెను. పన్నెండుగురు సంతానములో ఆమె నాల్గవది. తండ్రి రాబర్ట్ లీ పార్టన్ పొగాకు పండించు రైతు. కాన్పు చేసిన వైద్యునకు చెల్లించుటకు చేత రొక్కము లేక, ఆయన ఒక సంచెడు మొక్కజొన్నపిండి నిచ్చెను. ఆయన కష్టజీవి, వ్యవహారదక్షుడు. కాని చదువుటయు వ్రాయుటయు ఎరుగడు. తల్లి ఏవీ లీ పూర్వపు గేయములను పాడుచు పిల్లలను పెంచెను.

డాలీ బాల్యమున ఒకమారు చలికి తొడుగుకొనుటకు కోటు లేకపోయెను. తల్లి రంగురంగుల గుడ్డపేలికలను ఏరి, బొంత కుట్టినట్లు ఒక కోటు కుట్టెను. కుట్టుచున్నపుడు బైబిలునందలి యోసేపు ధరించిన రంగుల అంగీ కథను బిడ్డకు చెప్పెను. డాలీ ఆ కోటు తొడుగుకొని మురిసిపోవుచు పాఠశాలకు పోగా, తోడిపిల్లలు పేలికల కోటని పరిహసించిరి. ఆ అవమానము ఆమె మనస్సున నాటుకొనెను. కాని పెద్దదైన పిమ్మట ఆమె దానిని దాచుకొనలేదు. 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్' అను పాటగా వ్రాసి 1971లో వెలువరించెను. పేదరికమును సిగ్గుపడవలసిన విషయముగా గాక, తల్లిప్రేమకు గుర్తుగా ఆ పాట చూపినది.

ఆమెకు ఎనిమిదవ ఏట మేనమామ బిల్ ఓవెన్స్ గిటారు నిచ్చెను. పదవ ఏటనే ఆమె నాక్స్‌విల్ నగరమున రేడియోలోను, టెలివిజన్‌లోను పాడసాగెను. పదమూడవ ఏట గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదికపై నిలిచెను. 1964లో ఉన్నత పాఠశాల చదువు ముగించి, మరునాడే నాష్‌విల్‌కు బయలుదేరెను. 1967లో పోర్టర్ వాగనర్ అను ప్రసిద్ధ గాయకుని టెలివిజన్ కార్యక్రమమున చేరి, ఏడేండ్లు ఆయనతో కలిసి పాడెను. తుదకు తన దారి తాను చూచుకొనవలెనని నిశ్చయించి, ఆయనకు వీడ్కోలుగా 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' అను పాట వ్రాసెను. 1974లో అది కంట్రీ పాటల పట్టికలో ప్రథమస్థానము నందెను.

ఈ పాట మూలముననే ఆమెకు కఠినమైన పరీక్ష యెదురయ్యెను. పాట యనునది ఒక విధమైన ఆస్తి. ఇతరులు దానిని పాడి రికార్డులుగా అమ్మినను, రేడియోలో ప్రసారము చేసినను రుసుము చెల్లింపవలెను. అందొక భాగము రచయితకును, మరియొక భాగము ప్రచురణ హక్కు గలవారికిని చేరును. అవసరమునకు లోబడి ఈ హక్కును స్వల్పధనమునకు అమ్ముకొనిన రచయితలు పెక్కురు. డాలీ మాత్రము దానిని తన చేతిలోనే ఉంచుకొనెను.

ఆ కాలమున ఎల్విస్ ప్రెస్లీ అమెరికా ప్రజలకు ఆరాధ్యుడైన గాయకుడు. ఆయన ఈ పాటను పాడదలచెనని విని డాలీ మిక్కిలి సంతోషించెను. కాని ఆయన వ్యవహారములు చూచు కర్నల్ టామ్ పార్కర్, ప్రచురణ హక్కులో సగము తమ కిచ్చిననే ఎల్విస్ పాడునని తెలిపెను. ఒప్పుకొనినచో కీర్తియు ధనమును వెంటనే లభించును. కాదనినచో అట్టి అవకాశము మరల రాకపోవచ్చును. డాలీ కాదనెను. ఆ రాత్రి యంతయు ఏడ్చితినని ఆమె పిమ్మట చెప్పెను. 1977లో ఎల్విస్ మరణించెను.

పాట వెలువడిన 18 సంవత్సరములకు, అనగా 1992లో, విట్నీ హ్యూస్టన్ అను గాయని 'ది బాడీగార్డ్' అను చలనచిత్రమునందు దానిని పాడెను. అది 14 వారములు అమెరికా పాటల పట్టికలో ప్రథమస్థానమున నిలిచెను. హక్కును విడువని డాలీకి దానివలన విశేషధనము చేకూరెను.

ఈలోపల ఆమె చలనచిత్రములందును పేరు గడించెను. 1980లో వెలువడిన 'నైన్ టు ఫైవ్' కార్యాలయములలో పనిచేయు స్త్రీల కష్టములను చూపు చిత్రము. డాలీ అందు నటించి, పాటయు వ్రాసెను. తన పొడవైన కృత్రిమపు గోళ్లను ఒకదానితో నొకటి తాకించగా టైపురైటరు చప్పుడు వచ్చుట గమనించి, ఆ లయలోనే పాట కట్టెను.

ధనము వచ్చిన పిమ్మట ఆమె పుట్టినసీమను మరువలేదు. 1986లో సెవియర్ కౌంటీలోని పిజన్ ఫోర్జ్ పట్టణమున 'డాలీవుడ్' అను వినోదోద్యానమునకు భాగస్వామినియయ్యెను. అందు వేలమందికి ఉద్యోగములు దొరికెను. 1988లో విద్యాభివృద్ధికై ఒక ధర్మసంస్థను స్థాపించెను. ఆ సీమలో పిల్లలు పెక్కుమంది నడుమనే చదువు మానుచుండిరి. కావున ఆమె ఏడు, ఎనిమిది తరగతుల విద్యార్థులను ఇద్దరిద్దరిగా జతపరచి, ఇరువురును ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసినచో ఒక్కొక్కరికి 500 డాలర్లు ఇత్తునని మాట యిచ్చెను. ఒకరు వెనుకబడినచో రెండవవారు చేయూత నీయవలెనన్నదే దాని ఆంతర్యము.

తండ్రికి చదువు రాకపోవుట ఆమె మనస్సును కలచుచుండెను. అందువలన 1995లో 'ఇమాజినేషన్ లైబ్రరీ' అను పథకము నారంభించెను. శిశువు పుట్టినది మొదలు అయిదేండ్లు నిండువరకు నెలకొక పుస్తకము ఉచితముగా ఇంటికి పంపబడును. సెవియర్ కౌంటీలో మొదలైన ఈ పథకము కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఐర్లండు దేశములకును వ్యాపించెను. 2018 నాటికి పంచిన పుస్తకముల సంఖ్య 10 కోట్లకును, 2023 నాటికి 20 కోట్లకును చేరెను. పిల్లలు తన కుమార్తెను 'పుస్తకాల అమ్మ' యని పిలుచుట విని ఆ తండ్రి ఎంతయో గర్వించెను. 2000లో ఆయన మరణించెను.

డాలీ వేలకొలది పాటలు వ్రాసినది. 1999లో ఆమెకు కంట్రీ సంగీత కీర్తిమందిరమున స్థానము లభించెను. గొప్పవారు అడిగినను తన హక్కును ఆమె సగమైనను వదలుకొనలేదు. ఆ హక్కువలన వచ్చినదానిని చదువుకొరకు పంచుటకు వెనుదీయలేదు. తనదైన దానిని కాపాడుకొనుటయు, దానిని పదిమందికి పంచుటయు పరస్పర విరుద్ధములు కావని ఆమె జీవితము చాటుచున్నది.