రక్తమున చక్కెర తగ్గినవేళ

మధుమేహమనగా రక్తమునందు చక్కెర హెచ్చుట యనియు, ఆ వ్యాధి గలవారు తీపి తినరాదనియు మన పాఠశాలలోని చిన్నపిల్లలు సైతము చెప్పుదురు. కాని ఆ చక్కెరయే మితిమీఱి తగ్గుట వేఱొక యాపద యనియు, అట్టివేళ తీపియే మందనియు నెఱిగినవారు కొలదిమంది మాత్రమే. మాకు పదుమూడవ యేట మధుమేహము కనబడినది. నాటినుండి నేటివఱకు ప్రతిదినము ఇన్సులిను సూదిమందు తీసికొనుచు, ఈ యాపదతో కాపురము చేయుచున్నాము గనుక, దీనినిగూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించితిమి.

మనము తిను నన్నము గ్లూకోజను చక్కెరగా మాఱి రక్తములో చేరును. ఉదయమున పరగడుపున ఆరోగ్యవంతుని రక్తములో నూఱు మిల్లీలీటర్లకు 70 మొదలు 100 మిల్లీగ్రాముల వఱకు నది యుండును. మెదడు శరీరపు బరువులో నూటికి రెండువంతులే యైనను, మనము విశ్రాంతిగా నున్నప్పుడు ఖర్చగు శక్తిలో రమారమి యైదవవంతు తానే పుచ్చుకొనును. అంత ఖర్చు గలదయ్యును దానికి చెప్పుకోదగిన గాదె లేదు. ఏపూట కాపూట రక్తము తెచ్చి యిచ్చినదానితోనే గడుపుకొనవలెను.

ఆరోగ్యవంతునకు భోజనము ఆలస్యమైనచో, క్లోమము ఇన్సులినును తగ్గించి గ్లూకగానను రసమును పంపును. కాలేయము తన నిలువలోని గ్లూకోజును విడుచును. సూదితో ఇన్సులిను తీసికొనువారికి నీ సదుపాయము సరిగా సాగదు. ఒకసారి లోపలికి పోయిన మందు వెనుకకు రాదు. అన్నము ఆలస్యమైనను, తక్కువ తిన్నను, బంతియాట హెచ్చుగా నాడినను, అది తన పని తాను చేసికొని పోవును. 70కి దిగిన జాగ్రత్తపడవలెను. 54కు దిగువనైన అపాయము. మధుమేహమునకు కొన్నిరకముల మాత్రలు మ్రింగు పెద్దలకును ఇట్లు జరుగవచ్చును.

ఇట్లనుటచే మేము ఇన్సులినును నిందించుచున్నామని యెవ్వరును తలపవలదు. 1921వ సంవత్సరమున కెనడా దేశపు టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు దానిని వెలికి తీసిరి. 1922 జనవరిలో పదునాలుగేండ్ల లియొనార్డు థాంప్సను అను బాలునకు మొదటిసారిగా నిచ్చిరి. అంతకుముందు మావంటి పిల్లలు బ్రదుకుట దుర్లభము. ప్రాణము పోసిన మందే కొలత తప్పిన ప్రాణము తీయజూచును; ఆ కొలతను నిత్యము కాచుకొనుటయే మా జీవితము.

చక్కెర తగ్గునప్పుడు మొదట చేతులు వణకును, చెమట పట్టును, గుండె దడదడలాడును, ఆకలి వేయును. ఇవి శరీరము చేయు హెచ్చరికలు. ఆపైన మెదడునకు కఱవు తగులును. మాట తడబడును, కోపము వచ్చును, లెక్క తెలియదు, చూపు చెదరును. అంతటితో నాపకున్న మూర్ఛయు వచ్చును.

మేము చదువుకొను దినములలో ఒకనాడు మధ్యాహ్న భోజనమునకు ముందు గణితోపాధ్యాయులు మమ్ము నల్లబల్ల యొద్దకు పిలిచిరి. మేము లేవలేదు. రెండవసారి పిలువగా పెడసరముగా బదులు చెప్పితిమట. మాకు జ్ఞాపకము లేదు. అవిధేయతకు శిక్షగా వసారాలో నిలువబెట్టిరి. మా బల్లమీద కూర్చుండు మిత్రుడొకడు, ఒకప్పుడు మా యింట మా తల్లి మాకు పంచదార నీళ్లు త్రాగించుట చూచినవాడు, మా చొక్కా తడిసియుండుట కనిపెట్టి, సెలవు పుచ్చుకొనక పరుగెత్తి వచ్చి, మా జేబులోని పంచదార పొట్లము విప్పి నోట పోసెను. పొట్లము మా జేబులోనే యున్నది! దానిని తీసికొనవలెనను తలంపే మాకు రాలేదు. ఈ వ్యాధియందలి మర్మమిదియే. సహాయము కోరవలసిన బుద్ధినే యిది ముందుగా దొంగిలించును. కావున రోగియొక్కడు తెలిసికొన్న చాలదు, ప్రక్కనున్నవాడును తెలిసికొనవలెను.

చేయవలసిన పని సులభము. రోగి మ్రింగగలిగియున్న, పదునైదు గ్రాముల చక్కెర, అనగా మూడు నాలుగు చిన్న చెంచాల పంచదార గాని గ్లూకోజు పొడి గాని నీట కలిపి యీయవలెను. పసిపిల్లలకు తక్కువ చాలును. లడ్డు, చాక్లెట్టు మొదలగునవి అత్తఱికి తగవు. వానిలోని నెయ్యి, కొవ్వు చక్కెరను త్వరగా రక్తములోనికి పోనీయవు. పదునైదు నిమిషములాగి వ్రేలినుండి రక్తపుబొట్టు తీసి పరీక్షింపవలెను. ఇంకను 70కి తక్కువైన మరల నీయవలెను. తేఱుకొన్న పిమ్మట భోజనమునకు వేళ కాకున్న ఇడ్లీయో, కొంచెమన్నమో పెట్టవలెను. స్పృహ తప్పినవాని నోట నేమియు పోయరాదు. ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, గ్లూకగాను సూదిమందు దగ్గఱనున్న తెలిసినవారిచే నిప్పించి, వెంటనే 108 వాహనమును పిలువవలెను.

నిత్యజీవితమున మాకు గడియారమే గురువు. ఆటకు ముందు పరీక్ష, పరుండుటకు ముందు పరీక్ష. పగటి యాటల ఫలము రాత్రి నిద్రలో చక్కెర తగ్గుటగా కనబడవచ్చును. అప్పుడు పీడకలలును, చెమటయు, తెల్లవాఱిన పిదప తలనొప్పియు గలుగును. మాటిమాటికి తగ్గుచుండిన, వణకు చెమట మున్నగు హెచ్చరికలే మొద్దువాఱును. ఈ భయముచే కొందఱు చక్కెరను ఎల్లప్పుడు హెచ్చుగా నుంచుకొందురు; అదియు కన్నులకు, మూత్రపిండములకు చేటు. చర్మమున కంటించుకొని, చక్కెర తగ్గగనే గంట మ్రోగించు చిన్న పరికరములు నేడు కలవు. కాని వెల హెచ్చగుటచే అందఱకు నందవు.

2017వ సంవత్సరమున కేంద్ర మాధ్యమిక విద్యామండలివారు, ఇట్టి విద్యార్థులు పరీక్షాశాలకు చక్కెరబిళ్లలు, పండ్లు, నీరు తెచ్చుకొనుట కనుమతించిరి. అనుమతి కాగితముపై నున్న చాలదు. తరగతిలోనివారి మనసులలోను నుండవలెను. తలిదండ్రులారా, బిడ్డకు వ్యాధి గలదని ఉపాధ్యాయులకు చెప్పుటకు సిగ్గుపడకుడు. ఉపాధ్యాయులారా, చెమటతో తడిసి తిక్కగా మాటలాడు పిల్లవానిని ఒంటిగా బయటికి పంపకుడు. మొదట పంచదార యిండు, విచారణ పిమ్మట చేయుడు. విద్యార్థులారా, మీ బల్లమీది మిత్రుని పొట్లము ఏ జేబులో నున్నదో తెలిసికొని యుండుడు. మేము నేడు ఈ నాలుగు పంక్తులు వ్రాయగలుగుట అట్టి మిత్రుడొకడు తెలిసికొని యుండుటవలననే.