‘ఎగ్జాసర్బేట్’ అంటే ఏంటి? చాలామంది చేసే పొరపాటు ఇదే..

ఆస్పత్రిలో ఇచ్చే డిశ్చార్జ్ సమ్మరీలో ‘అక్యూట్ ఎగ్జాసర్బేషన్ ఆఫ్ సీఓపీడీ’ అని కనిపిస్తే ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. నాన్నకు ఇదేదో కొత్త రోగం పట్టుకుందేమో అనుకుంటారు. నిజానికి అది కొత్త జబ్బు పేరు కాదు.. ఎప్పటినుంచో ఉన్న ఊపిరితిత్తుల జబ్బు ఒక్కసారిగా ముదిరిందని డాక్టర్ రాసిన మాట. ఆయాసం, దగ్గు, కఫం మామూలు కంటే పెరిగాయన్నమాట.

ఈ మాటకు క్రియారూపం ‘ఎగ్జాసర్బేట్’. ఉన్న సమస్యను ఇంకా ముదిరేలా చేయడం.. ఇదీ దాని అర్థం. ఇందులో ‘ఉన్న’ అన్నదే కీలకం. పలకడం ఇగ్-జా-సర్-బేట్. ‘జా’ మీద ఒత్తు పడాలి.

ఢిల్లీ సంగతే చూడండి. ఏటా అక్టోబర్, నవంబర్ నెలల్లో పంజాబ్, హర్యానా పొలాల్లో వరి కొయ్యకాళ్లు తగలబెడతారు. ఆ పొగ ఢిల్లీ కాలుష్యాన్ని ‘ఎగ్జాసర్బేట్’ చేస్తోందని ఇంగ్లీష్ పేపర్‌లో వస్తే.. వాహనాలు, ఫ్యాక్టరీలు, దుమ్ము వల్ల అక్కడి గాలి ముందే పాడైంది, పొగ దాన్ని ఇంకా పెంచిందని అర్థం. అదే చోట ‘కాజ్’ అని రాస్తే? తప్పంతా రైతు నెత్తిన పడుతుంది. ఒక్క క్రియ మారితే నింద ఎవరిదో మారిపోతుంది!

మనవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. పుండు మీద కారం చల్లడం, అగ్నికి ఆజ్యం పోయడం అంటాం కదా.. పుండు ముందే ఉండాలి, మంట ముందే అంటుకోవాలి. ఈ క్రియా అంతే.

ఇక ఎక్కువగా దొర్లే తప్పు.. ‘ది సిట్యుయేషన్ ఎగ్జాసర్బేటెడ్’ అని రాసేయడం. పరిస్థితి తనంతట తాను దిగజారితే ‘వర్సెన్డ్’ లేదా ‘డిటీరియరేటెడ్’ అనాలి. ఎగ్జాసర్బేట్‌కు మాత్రం దేన్ని ముదరబెట్టిందో చెప్పే కర్మ కావాలి. ‘స్మోకింగ్ ఎగ్జాసర్బేట్స్ ఆస్తమా’ లాగా. పైగా ఆ కర్మ చెడ్డదే అయి ఉండాలి. జబ్బు, గొడవ, కొరత, అప్పు.. వీటికి ఇది సరిపోతుంది. ‘హెల్త్‌’ను ఎగ్జాసర్బేట్ చేశారంటే మాత్రం అతకదు.

‘అగ్రవేట్’ దీనికి దగ్గరి చుట్టమే. చాలా చోట్ల ఒకదాని బదులు ఇంకోటి వాడొచ్చు. కానీ ‘ఎగ్జాస్పరేట్’ వేరు, అది మనిషిని విసిగించడం. ‘ఎగ్జాజరేట్’ అంటే గోరంతను కొండంత చేసి చెప్పడం. వినడానికి మూడూ ఒకేలా ఉండటంతో ఇంటర్వ్యూల్లో తడబడేవాళ్లు ఎక్కువే.

ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో పదాల వాడకానికి నాలుగో వంతు మార్కులు ఉంటాయి. అలాగని పేరాకోసారి ఈ మాటను ఇరికించక్కర్లేదు. అనుమానం వస్తే ‘మేక్ వర్స్’ అని రాసేయండి, అర్థం చెడదు.