పరాయి యుద్ధంలో విదేశీయుడు: స్వచ్ఛంద సైనికుడా, కిరాయి సైనికుడా, మోసపోయినవాడా?

ఈ భాగం చదివిన తరువాత మీరు స్వచ్ఛంద సైనికునికీ కిరాయి సైనికునికీ మధ్య తేడాను, అంతర్జాతీయ చట్టం వారిని చూసే తీరును, ఈ విషయంలో భారతదేశ చట్టాన్ని వివరించగలుగుతారు.

1. పరిచయం

మీరు అఫ్జల్‌గంజ్ నుంచి నయాపూల్ మీదుగా పాతబస్తీకి నడుస్తున్నారనుకోండి. ఒక ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, మరో ఒడ్డున హైకోర్టు కనిపిస్తాయి. మూసీ దిగువకు కొంతదూరం వెళ్తే ఉత్తరపు ఒడ్డున కోఠీలో పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఉంది. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో రోహిల్లాలు ఆ రెసిడెన్సీపై దాడి చేశారు. రోహిల్లాలు అఫ్గాన్ మూలాలు గలవారు. ఆయుధవృత్తినే జీవనాధారం చేసుకుని దక్కనుకు వచ్చారు. అయితే ఆనాడు వారిని దాడికి పంపింది నిజాం ప్రభుత్వం కాదు. దివాన్ సాలార్ జంగ్ బ్రిటిష్ వారి పక్షాన నిలిచాడు. జీతానికి ఆయుధం పట్టే వర్గంవారే ఆ రోజు జీతమిచ్చే ప్రభుత్వ విధానానికి ఎదురుగా, ఒక విదేశీ శక్తిపై పోరాడారు.

ఈ నగరానికి బయటి సైనికులు కొత్త కాదు. ఫ్రెంచి సేనాని రేమండ్ 18వ శతాబ్దం చివర నిజాం కొలువులో సైన్యం నడిపాడు. ఆయన సమాధి నేటికీ మలక్‌పేట ప్రాంతంలో ఉంది. అరేబియాలోని హద్రమౌత్ నుంచి వచ్చిన సైనికులు నివసించిన చోటే బార్కస్. 'బ్యారక్స్' అనే మాటే అలా మారింది. వీరందరినీ ఒకే పేరుతో పిలవవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ పాఠం ఉద్దేశం.

2. పేరు చాలదు

'రజాకార్' అనే మాటకు అర్థం స్వచ్ఛంద సేవకుడు. 1947–48 నాటి అనుభవం వల్ల తెలంగాణ పల్లెల్లో ఆ మాట వింటే గుర్తుకొచ్చేది సేవ కాదు, దౌర్జన్యం. కాబట్టి ఎవరు తమను ఏమని పిలుచుకున్నారన్నది కొలబద్ద కాదు. మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అతడు తన ఇష్టంతో వచ్చాడా? దేనికోసం వచ్చాడు? ఎవరి ఆజ్ఞకు లోబడి పనిచేస్తున్నాడు?

1936లో స్పెయిన్ గణతంత్ర ప్రభుత్వంపై సైనికాధికారులు తిరుగుబాటు చేశారు. హిట్లర్, ముస్సోలినీ వారికి సాయపడ్డారు. ప్రభుత్వాన్ని కాపాడడానికి యాభైకి పైగా దేశాల నుంచి సుమారు 35,000 మంది 'అంతర్జాతీయ దళాల'లో చేరారు. నాగపూర్‌కు చెందిన గోపాల్ ముకుంద్ హుద్దార్ 'జాన్ స్మిత్' అనే పేరుతో అక్కడ పోరాడి బందీ అయ్యాడు.

1937లో జపాన్ చైనాపై దురాక్రమణ సాగించింది. చైనా సేనాని ఝూ దే నెహ్రూకు లేఖ రాసి సాయం కోరాడు. మరుసటి ఏడాది భారత జాతీయ కాంగ్రెస్ ఐదుగురు వైద్యులను పంపింది. అందులో ఒకరు డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్. ఆయనది సోలాపూర్, అంటే ఎన్నో తెలుగు పద్మశాలి కుటుంబాలు స్థిరపడిన ఊరు. మిగిలిన నలుగురూ స్వదేశం చేరారు. కోట్నిస్ 1942 డిసెంబరు 9న చైనాలోనే మరణించాడు. ఆయన చేతిలో ఆయుధం లేదు. అయినా పై మూడు ప్రశ్నలకూ ఆయన జీవితంలో స్పష్టమైన జవాబు దొరుకుతుంది.

3. అంతర్జాతీయ చట్టం

1907 నాటి ఐదవ హేగ్ ఒప్పందం ప్రకారం తటస్థ దేశం తన భూభాగంపై యుద్ధపక్షాల కోసం సైనిక దళాలు ఏర్పడనీయరాదు, భర్తీ కేంద్రాలు తెరవనీయరాదు. కాని పౌరులు ఎవరికి వారు సరిహద్దు దాటి వెళ్లి ఒక పక్షంలో చేరితే ఆ దేశానికి బాధ్యత లేదు. అలా చేరిన వ్యక్తి తన తటస్థతను కోల్పోతాడు. అయితే అతడు పట్టుబడితే, అతడు చేరిన దేశపు సొంత సైనికుని కంటే కఠినంగా అతణ్ణి శిక్షించరాదు.

1949 జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్ 47వ అధికరణం కిరాయి సైనికుణ్ణి నిర్వచించింది. అతణ్ణి పోరాటం కోసమే ప్రత్యేకంగా భర్తీ చేసుకుని ఉండాలి. అతడు నేరుగా పోరులో పాల్గొనాలి. ప్రధానంగా సొంత లాభం కోసం, అదే హోదా గల స్థానిక సైనికుని కంటే చాలా ఎక్కువ ప్రతిఫలం ఆశించి రావాలి. యుద్ధపక్షాల పౌరుడుగాని, నివాసిగాని కాకూడదు. వాటి సైన్యంలో సభ్యుడు కాకూడదు. మరో దేశం అధికారికంగా పంపినవాడు కాకూడదు. ఈ ఆరు షరతులూ కలిస్తేనే అతడు కిరాయి సైనికుడు. అప్పుడు అతనికి యుద్ధఖైదీ హక్కు ఉండదు. ఈ ప్రోటోకాల్‌లో భారతదేశం చేరలేదు.

ఈ నిర్వచనం ఎంత ముఖ్యమో 2022 చూపింది. ఆ ఏడాది ఫిబ్రవరి 27న ఉక్రెయిన్ అధ్యక్షుడు విదేశీయులను తమ పక్షాన పోరాడడానికి ఆహ్వానించాడు. జూన్‌లో ఉక్రెయిన్ సైన్యంలో పనిచేస్తూ పట్టుబడిన ఇద్దరు బ్రిటిష్ పౌరులకు, ఒక మొరాకో పౌరునికి దొనెత్స్‌క్‌లోని రష్యా అనుకూల కోర్టు కిరాయి సైనికులంటూ మరణశిక్ష వేసింది. వారు సైన్యంలో సభ్యులు. కాబట్టి 47వ అధికరణం వారికి వర్తించదు. సెప్టెంబరులో ఖైదీల మార్పిడిలో విడుదలయ్యారు. ఒక్క మాట తేడాతో ప్రాణం పోయే స్థితి అది.

4. భారతదేశ చట్టం

భారత్‌తో శాంతిగా ఉన్న ఏ విదేశీ రాజ్యంపైనైనా యుద్ధం చేయడం భారతీయ న్యాయ సంహిత 153వ సెక్షన్ కింద నేరం. దీనికి యావజ్జీవ శిక్ష వరకూ పడవచ్చు. రష్యా, ఉక్రెయిన్ రెండూ మనతో శాంతిగా ఉన్న దేశాలే. కాబట్టి ఆశయం ఎంత గొప్పదైనా, ఏ పక్షాన చేరినా ఈ ప్రశ్న ఎదురవుతుంది. విదేశీ సైన్యాల కోసం మన దేశంలో జరిగే భర్తీని నిషేధించే అధికారం 1874 నాటి విదేశీ భర్తీ చట్టం ప్రభుత్వానికి ఇస్తుంది.

5. మూడవవాడు

2024 ఆరంభంలో ఈ పాఠం మళ్లీ హైదరాబాద్ గడప తొక్కింది. సహాయకుల ఉద్యోగమని నమ్మి రష్యా వెళ్లిన యువకులను యుద్ధరంగానికి పంపినట్లు బయటపడింది. వారిలో హైదరాబాద్ యువకుడొకరు మరణించినట్లు మార్చిలో మాస్కోలోని భారత రాయబార కార్యాలయం తెలిపింది. సీబీఐ మానవ అక్రమ రవాణా కేసు పెట్టి పలు నగరాల్లో సోదాలు చేసింది. జులైలో మాస్కో వెళ్లిన ప్రధానమంత్రి ఈ విషయం ప్రస్తావించారు.

మన మూడు ప్రశ్నలు ఇక్కడ వేసి చూడండి. అతడు యుద్ధానికి ఇష్టపడి వెళ్లలేదు. ఆశయం కోసం కాదు, ఇంటి ఖర్చుల కోసం వెళ్లాడు. ఎవరి ఆజ్ఞ కింద ఉండబోతాడో బయలుదేరేటప్పుడు అతనికి తెలియదు. అతడు హుద్దార్ కాడు, రేమండ్ కూడా కాడు. సైన్యపు ఒప్పందంపై సంతకం ఉన్నందున కాగితం మీద మాత్రం సైనికుడు. సంతకాన్నే చూస్తే అతడు నేరస్థుడిలా కనిపిస్తాడు. ఆ సంతకం ఎలా వచ్చిందో చూస్తే బాధితుడని తేలుతుంది. అందుకే ఇలాంటి కేసుల్లో విచారణ మొదట దళారి దగ్గర మొదలు కావాలి.

6. సారాంశం

పరాయి యుద్ధంలో చేరిన విదేశీయుని స్థానాన్ని అతని పౌరసత్వంగాని, ధైర్యంగాని నిర్ణయించవు. ఇష్టం, ఉద్దేశం, ఆజ్ఞ అనే మూడూ నిర్ణయిస్తాయి. మీ వీధిలో ఎవరికైనా యుద్ధం జరుగుతున్న దేశంలో 'సెక్యూరిటీ' ఉద్యోగం వచ్చిందంటే ముందుగా అడగవలసినది జీతమెంత అని కాదు. ఒప్పందం ఏ భాషలో ఉంది, అందులో యజమాని ఎవరు అని అడగండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 47వ అధికరణం ప్రకారం కిరాయి సైనికునికి ఉండవలసిన లక్షణాలేవి?
2. 1857లో రెసిడెన్సీపై దాడి చేసిన రోహిల్లాలకు మూడు ప్రశ్నలను అన్వయించి చూపండి.
3. మోసపోయి యుద్ధరంగం చేరిన పౌరుని పట్ల అతని స్వదేశ బాధ్యత ఏమిటి? చర్చించండి.